వాడకం లేని ఫీచర్: ఉంచేద్దామా, అటకెక్కిద్దామా, తీసేద్దామా?

రెండేళ్ళ కిందట మార్చి నెల, పొద్దున ఏడున్నర. కోవూరు పక్కన ఒక రైస్ మిల్లు గుమాస్తా ఫోన్ చేశారు. అరవై దాటిన మనిషి. హలో గిలో ఉండవు, నేరుగా విషయంలోకి వచ్చేస్తారు.

“అబ్బయ్యా, పుట్టి ఏడకి పోయింది?”

“ఏ పుట్టి బాబాయ్?”

“ధాన్యం పుట్టి నాయనా, ఇంకే పుట్టి! నిన్న మీవోళ్ళు కొత్తది ఎక్కించి పోయినారు. దాంట్లో కేజీ ఉండాది, క్వింటాల్ ఉండాది, టన్ను ఉండాది. పుట్టి మాత్రం లేదు. కాటా మీద లారీ నిలబడుండాది, రైతు ఎదురుగా కూర్చోనుండాడు. ఎట్టా రాయమంటావు?”

మాది నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఐదుగురు పనిచేసే చిన్న ఆఫీసు. రైస్ మిల్లులకీ, ధాన్యం వ్యాపారులకీ, చీమకుర్తి వైపు కొన్ని గ్రానైట్ యార్డులకీ బిల్లింగ్, స్టాక్ సాఫ్ట్‌వేర్ రాసిస్తాం. పుట్టిని తీసేసింది మేమే. ఇంకా చెప్పాలంటే, తీసేయమని చెప్పింది నేనే.

బయటి జిల్లాల వాళ్ళకి ఒక మాట. నెల్లూరు వైపు ధాన్యం బేరం పుట్టి లెక్కన సాగుతుంది. ఇక్కడ పుట్టి అంటే 850 కిలోలు. ప్రభుత్వం మద్దతు ధరని క్వింటాలుకి ప్రకటిస్తుంది. 2025-26కి గ్రేడ్-ఎ రకానికి 2,389 రూపాయలు. ఆ మాట చెవిన పడగానే ఇక్కడి రైతు దాన్ని ఎనిమిదిన్నరతో గుణించి పుట్టికి 20,306 అనుకుంటాడు. కళ్ళం దగ్గరా, టీ బంకు దగ్గరా వినిపించేది ఈ రెండో అంకే.

ఇప్పుడు గుమాస్తా ఇబ్బంది చూడండి. పుట్టికి 20,300 చొప్పున ఇరవై పుట్ల లోడు వచ్చిందనుకుందాం. నోటిలెక్కన 4,06,000. సాఫ్ట్‌వేర్‌లో పుట్టి లేదు కాబట్టి ఆయన క్వింటాలుకి మార్చాలి. 20,300ని 8.5తో భాగిస్తే 2,388.235 అంటూ సాగుతుంది. ఆయన 2,388 వేశారు. 170 క్వింటాళ్ళకి బిల్లు 4,05,960 వచ్చింది. నలభై రూపాయలే తేడా. కానీ రైతు చేతిలో చీటీ మీద ఒక అంకె, కంప్యూటర్ కాగితం మీద ఇంకో అంకె ఉంటే ఆ నలభై రూపాయలు నలభై మాటలకి దారితీస్తాయి. గుమాస్తా కంప్యూటర్ మీద గుడ్డ కప్పేసి ఎర్ర అట్ట పుస్తకం తీశారు. మూడో రోజు రాత్రి మేం పుట్టిని తిరిగి పెట్టేదాకా ఆ మిల్లు పుస్తకం మీదే నడిచింది.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు, రాయించుకునేవాళ్ళు, ఆఫీసులో ఏదో ఒక టూల్‌ని చూసుకునేవాళ్ళు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. ఎవరూ పెద్దగా వాడని ఫీచర్‌ని ఏం చేయాలి? నాకు తెలిసి ఐదు దార్లున్నాయి. అలాగే ఉంచడం, దాచడం, మార్పులు ఆపేసి ఉంచడం, విడిగా ఇవ్వడం, తీసేయడం. వాటిని పోల్చే ముందు మేం ఎక్కడ తప్పు చేశామో చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది తప్పేది అక్కడే.

లెక్క మంచిదే, చూసిన నెలలు తప్పు

మేం గాలికి తీసేయలేదు. ఏ ఆప్షన్‌ని ఎన్నిసార్లు ఎంచుకున్నారో సాఫ్ట్‌వేర్ రాసుకుంటుంది. అక్టోబరు నుంచి జనవరి దాకా లెక్క తీశాం. వేల ఎంట్రీల్లో పుట్టి ఏ మూలో నాలుగు చోట్ల కనిపించింది. కొత్తగా చేరిన కుర్రాడు చక్కగా గ్రాఫ్ గీసి చూపించాడు. అందరం తలూపాం.

అక్టోబరు నుంచి జనవరి దాకా నెల్లూరులో నారుమళ్ళు, నాట్లు, కలుపు. కోతలు ఊపందుకునేది ఫిబ్రవరి ఆఖర్నుంచి, మార్చి, ఏప్రిల్. ధాన్యం లేని నెలల్లో ధాన్యం కొలత వాడకం చూసి, ధాన్యం వచ్చే నెలకి దాన్ని తీసేశాం. సోమశిల గేట్ల వైపు, పెన్నా వైపు చూస్తూ పెరిగినవాళ్ళం, మాకా మాత్రం తట్టకపోవడం ఏమిటని ఇప్పటికీ నవ్వొస్తుంది.

రెండో తప్పు ఇంకాస్త లోతైనది. మేం సార్లు లెక్కపెట్టాం, మనుషుల్ని లెక్కపెట్టలేదు. మిల్లులో ఒక లోడు ధాన్యం కొంటే ఎంట్రీ ఒక్కటే. ఆ పదిహేడు టన్నులు ఆడించాక నాలుగొందల పైచిలుకు సంచుల బియ్యం వస్తాయి, అవి పదులకొద్దీ బిల్లులుగా బయటికి పోతాయి. ఎంట్రీలు లెక్కేస్తే కొనుగోలు ఎప్పుడూ గోరంతే కనిపిస్తుంది. కానీ ఆ గోరంత లేకపోతే మిల్లే లేదు. నెల్లూరు వైపు కస్టమర్లలో ఎంతమంది సీజన్‌లో ఒక్కసారైనా పుట్టి వాడారని అడిగుంటే, జవాబు ‘దాదాపు అందరూ’ అని వచ్చేది.

మూడోది, ఆ ఫీచర్ లేకపోతే వాళ్ళేం చేస్తారని అడగకపోవడం. పక్క బటన్ నొక్కుతారా, కాలిక్యులేటర్ తీస్తారా, పుస్తకం తీస్తారా? పక్క బటన్ అయితే పర్వాలేదు. పుస్తకం తీస్తున్నారంటే మీరు తీసేసింది ఒక బటన్ కాదు, మీ సాఫ్ట్‌వేర్‌నే.

ఇరుకా, బరువా?

‘ఈ ఫీచర్ అనవసరం’ అనే మాట వెనక రెండు వేర్వేరు ఫిర్యాదులుంటాయి. మిల్లు ఓనర్ అంటే దాని అర్థం: స్క్రీన్ మీద బటన్లు ఎక్కువైపోయాయి, నాకు కావలసింది కనిపించడం లేదు. అది ఇరుకు. కోడ్ రాసేవాడు అంటే దాని అర్థం వేరు: దీన్ని ప్రతి వెర్షన్‌లో టెస్ట్ చేయాలి, ఏదైనా మార్చినప్పుడల్లా ఇది అడ్డొస్తోంది. అది బరువు.

ఇరుకుకి మందు సర్దడం, దాచడం. బరువుకి మందు తీసేయడం, వేరుచేయడం. ఒక మందు ఇంకో రోగానికి వేస్తేనే చిక్కు. దాచితే స్క్రీన్ శుభ్రపడుతుంది, బరువు ఒక్క గ్రాము తగ్గదు. బరువేమీ లేనిదాన్ని తీసేస్తే మనకి మిగిలేదేమీ ఉండదు, వాడేవాడికి మాత్రం పని చెడుతుంది. మా పుట్టి సంగతి అదే. కోడ్‌లో అదొక గుణకారం, స్క్రీన్ మీద జాబితాలో ఒక వరస. ఇరుకూ లేదు, బరువూ లేదు. గ్రాఫ్ బాగుందని తీసేశాం, అంతే.

అందుకే ఇప్పుడు మా దగ్గర ఎవరైనా ఫీచర్ తీసేద్దామంటే మొదట అడిగేది, నీ బాధ ఇరుకా బరువా అని.

అలాగే ఉంచేయడం

ఖర్చు లేనిదాన్ని ఉంచడానికి సిగ్గుపడక్కర్లేదు. మిల్లుల్లో ఇంకా డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు టకటకమంటున్నాయి. ఒకేసారి మూడు కాపీలు పడాలి, కార్బన్ మరక కనబడాలి, అప్పుడే డ్రైవర్‌కి నమ్మకం. దానికోసం రాసిన ప్రింట్ కోడ్‌ని మేం ఏళ్ళుగా ముట్టుకోలేదు. అది కూడా మమ్మల్ని ముట్టుకోలేదు. కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ దాన్ని తీసేద్దామంటాడు. పాతగా కనిపించడం తప్ప అది చేసిన తప్పేంటని అడిగితే జవాబుండదు.

కానీ బయటివాళ్ళ మీద ఆధారపడే ఫీచర్ల సంగతి వేరు. వాటికి మనం ముట్టుకోకపోయినా ఖర్చు పెరుగుతూ పోతుంది. రైతుకి ధాన్యం అందిందని ఎస్సెమ్మెస్ పంపే ఏర్పాటు మాకుండేది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల వల్ల, పంపే ప్రతి వ్యాపారీ టెలికాం కంపెనీలు నడిపే డీఎల్‌టీ అనే నమోదు పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి, పంపే పేరుకీ, సందేశం నమూనాకీ అనుమతి తెచ్చుకోవాలి. 2021లో దాన్ని గట్టిగా అమలు చేయడం మొదలుపెట్టారు. నమూనాలో ఒక మాట తేడా వస్తే మెసేజ్ పోదు. వాడేది ఏడెనిమిది మిల్లులు, అందులో సగానికి వాట్సాప్ అలవాటైపోయింది. కానీ నెలలో రెండు రోజులు మా సపోర్ట్ అమ్మాయి ఆ పోర్టల్ ముందే కూర్చునేది. ఇది బరువు. పైకి మాత్రం ఒక చిన్న టిక్ బాక్స్.

ఉంచేయడంలో ఇంకో ప్రమాదం ఉంది, అది ఖర్చు లెక్కలో కనపడదు. జావా ప్రోగ్రాముల్లో లాగ్, అంటే ప్రోగ్రాం ఏం చేసిందో రాసుకునే చిట్టా, రాయడానికి ప్రపంచమంతా వాడే లాగ్‌4జె అనే లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) ఉంది. దాంట్లో జేఎన్‌డీఐ లుకప్ అనే ఫీచర్‌ని 2013లో చేర్చారు. లాగ్‌లోకి వచ్చే మాటల్లో ఒక ప్రత్యేకమైన గుర్తు కనిపిస్తే, అది చెప్పిన చోటుకి వెళ్ళి సమాచారం తెచ్చుకునే సౌకర్యం. వాడినవాళ్ళు కొద్దిమంది. వాడనివాళ్ళ సర్వర్లలో కూడా అది మేలుకునే ఉంది. 2021 డిసెంబరులో బయటపడిందేమిటంటే, లాగిన్ బాక్స్‌లోనో చాట్‌లోనో ఒక వరస టైప్ చేసి, ఎదుటి సర్వర్ చేత బయటి కోడ్‌ని నడిపించొచ్చని. ఆ డిసెంబరు ఎన్నో కంపెనీల ఇంజినీర్లకి నిద్ర లేదు. లైబ్రరీని చూసుకునేవాళ్ళలో ఒకరు తర్వాత చెప్పిన మాట ఏమిటంటే, అది తమకే నచ్చని ఫీచరనీ, పాతవాళ్ళకి ఇబ్బంది కాకూడదనే ఉంచామనీ. వాళ్ళని తప్పుపట్టలేను. కానీ నెట్‌వర్క్‌కి తగిలే ఫీచర్, బయటివాడు టైప్ చేసినదాన్ని చదివే ఫీచర్, ఫైళ్ళు తెరిచే ఫీచర్ వాడకంలో లేకపోతే, దాన్ని డాట్ మ్యాట్రిక్స్ ప్రింట్‌తో ఒకే గాటన కట్టకూడదు.

అటకెక్కించడం

అందరికీ నచ్చే దారి ఇదే, ఎందుకంటే ఎవరికీ కోపం రాదు. మెనూలోంచి తీసి సెట్టింగ్స్‌లో ఏ మూలో ఒక స్విచ్ కింద పెడతాం. అడిగినవాళ్ళకి ఆన్ చేసిస్తాం. కోడ్ అలాగే ఉంటుంది.

స్క్రీన్ ఇరుకే సమస్య అయితే ఇది సరైన దారి. రోజూ వాడేవి ముందు, నెలకోసారి వాడేవి వెనక. మా సాఫ్ట్‌వేర్‌లో తవుడు, ఊక, నూకల అమ్మకాలు మొదట ఒకే వరసలో ఆరు బటన్లుగా ఉండేవి. ఇప్పుడు ‘ఇతర అమ్మకాలు’ కింద సర్దాం. ఒక్క ఫోన్ రాలేదు.

బరువు తగ్గించుకోవడానికి దాచడం మాత్రం నాకు నచ్చదు. అటక మీద పెట్టినదాన్ని ఎవరూ దులపరు. టెస్టింగ్ జాబితాలోంచి మొదట జారిపోయేది అదే. రాసినవాడు ఉద్యోగం మారతాడు. మూడేళ్ళకి ఆ స్విచ్ ఏం చేస్తుందో ఆఫీసులో ఎవరికీ తెలియదు, తీసేయడానికి భయం, వాడటానికి భయం.

ఇది ఎంతదాకా పోగలదో చెప్పడానికి నైట్ క్యాపిటల్ కథ చాలు. అమెరికాలో షేర్ల లావాదేవీలు నడిపే సంస్థ. వాళ్ళ ఆర్డర్ల సాఫ్ట్‌వేర్‌లో పవర్ పెగ్ అనే పాత ఫీచర్‌ని 2003లో వాడటం మానేశారు, కోడ్‌ని మాత్రం తీసేయలేదు. 2012లో కొత్త ఫీచర్ ఒకటి రాస్తూ, ఆ పాతదాన్ని ఆన్ చేసే గుర్తునే కొత్తదానికి వాడారు. ఎనిమిది సర్వర్లుంటే ఏడింటిలో కొత్త కోడ్ ఎక్కింది, ఎనిమిదోదాంట్లో ఎక్కించడం మర్చిపోయారు. ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే ఏడు సర్వర్లకి ఆ గుర్తు కొత్త ఫీచర్‌లాగా, ఎనిమిదోదానికి పవర్ పెగ్‌లాగా అర్థమైంది. తొమ్మిదేళ్ళుగా నిద్రపోతున్న కోడ్ లేచి ఆగకుండా ఆర్డర్లు పెట్టుకుంటూ పోయింది. ముప్పావుగంటలో పోయింది 46 కోట్ల డాలర్లకు పైనే. ఆ దెబ్బకి సంస్థ తన కాళ్ళ మీద నిలబడలేక మరుసటి ఏడాది ఇంకో కంపెనీలో కలిసిపోయింది.

మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి అంత సీన్ లేదనుకోండి. అయినా నేను పెట్టుకున్న పద్ధతి ఒకటుంది: బరువు కోసం దాచితే, దాచిన రోజే తీసేసే తేదీ కూడా రాయాలి. తేదీ రాయబుద్ధి కావడం లేదంటే, దాన్ని వాడేవాళ్ళు ఉన్నారని మన మనసుకి తెలుసన్నమాట. అప్పుడు దాచకుండా బయటే ఉంచి బాగా చూసుకోవడం మేలు.

మార్పులు ఆపేసి ఉంచడం, విడిగా ఇవ్వడం

ఈ రెండూ తక్కువ మంది ఆలోచించే దార్లు.

ఆపేసి ఉంచడమంటే పాతది పనిచేస్తుంది, కొత్తగా ఏదీ చేర్చం, కొత్త ఎంట్రీలు తీసుకోం, చూడటానికీ ప్రింట్ తీయడానికీ మాత్రమే. పన్నుల విషయంలో దీన్ని మించింది లేదు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది, వ్యాట్ బిల్లులు ఆ రోజుతో ఆగిపోయాయి. కానీ వ్యాట్ నాటి అసెస్‌మెంట్లు, అప్పీళ్ళు ఆ తర్వాతా ఏళ్ళతరబడి నడిచాయి. వ్యాట్ ఎంట్రీ స్క్రీన్‌ని వెంటనే తీసేశాం, రిపోర్టుల్ని చదవడానికి వీలుగా ఉంచాం. ఆ తర్వాత ఒక్కో కస్టమర్‌కీ అన్ని రిపోర్టులూ పీడీఎఫ్, ఎక్సెల్‌గా తీసి పెన్‌డ్రైవ్‌లో చేతికిచ్చి కోడ్ తుడిచేశాం. ఏరు దాటాక తెప్ప తగలేశారని ఒక ఆడిటర్ గారు ఎగతాళి చేశారు గానీ, పెన్‌డ్రైవ్ మాత్రం జాగ్రత్తగా బీరువాలో పెట్టుకున్నారు.

సంచి బరువుల కథా ఇలాంటిదే. 2022 జూలై 18 నుంచి, ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోలలోపు ఉంటే 5 శాతం జీఎస్టీ పడింది, 25 దాటితే లేదు. రాత్రికి రాత్రి మిల్లులన్నీ 26 కిలోల సంచికి మారాయి. మా జాబితాలో 25 కిలోల సంచి వాడకం పడిపోయింది. తీసేద్దామా అని చర్చ. అప్పటికి పుట్టి దెబ్బ తగలలేదు, అయినా అదృష్టవశాత్తూ ఉంచాం. పాత సరుకు వాపసు వస్తే 25 కిలోల బిల్లే తిరగరాయాలి కదా.

విడిగా ఇవ్వడమంటే ప్రధాన సాఫ్ట్‌వేర్‌లోంచి తీసి, కావలసినవాళ్ళకి వేరే ముక్కగా ఇవ్వడం. గూగుల్ క్రోమ్‌లో 2016 దాకా బ్యాక్‌స్పేస్ నొక్కితే వెనక పేజీకి పోయేది. ఫారం నింపుతూ, గడిలో ఉన్నామనుకుని నొక్కితే రాసిందంతా పోయేది. తీసేసేముందు వాళ్ళు లెక్క చూశారు: పేజీ వీక్షణల్లో 0.04 శాతం బ్యాక్‌స్పేస్‌తో వెనక్కి పోయినవి, అందులో ఫారంలో ఏదో చేశాక పోయినవి మొత్తం మీద 0.005 శాతం. తీసేశారు, ఆల్ట్‌తో ఎడమ బాణం ఉందిగా అన్నారు. అలవాటు పడ్డవాళ్ళు గోలచేస్తే, ఆ బటన్‌ని తిరిగి తెచ్చే ఎక్స్‌టెన్షన్ ఒకటి విడిగా విడుదల చేశారు. నాకిందులో నచ్చింది, వాళ్ళు వాడకం తక్కువని మాత్రమే తీసేయలేదు. ఆ తక్కువ వాడకంలో కూడా కొంత పొరపాటున జరిగి మనుషులకి నష్టం చేస్తోందని చూశారు.

విడిగా ఇవ్వడానికి మాత్రం మనుషులు కావాలి. ఐదుగురున్న ఆఫీసులో రెండు ముక్కల్ని రెండు రకాలుగా టెస్ట్ చేయడం కుదరదు. మేం ఒకసారి ప్రయత్నించి మానేశాం.

తీసేయడం, మర్యాదగా

ఎస్సెమ్మెస్‌ని చివరికి తీసేశాం. అప్పటికి పుట్టి పాఠం అయిపోయింది కాబట్టి ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాం.

మొదట, ఎవరు వాడుతున్నారో పేరు పేరునా చూసి ఫోన్ చేశాం. వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకుంటే కుదరదు. గ్రూపులో శుభోదయం బొమ్మల మధ్య మన నోటీసు ఎవరు చదువుతారు? ఫోన్‌లో తెలిసిన విషయమేమిటంటే, ఇద్దరు ఓనర్లకి ఆ మెసేజ్ రైతు కోసం కాదు, కాటా దగ్గర తమ మనిషి సరిగ్గా ఉన్నాడా లేదా అని తెలుసుకోవడానికి కావాలి. వాళ్ళ నంబర్లు కూడా రైతు జాబితాలో పెట్టుకున్నారు! అది ఏ లెక్కలోనూ కనపడేది కాదు. వాళ్ళకి సాయంత్రం ఒక వాట్సాప్ రిపోర్ట్ వచ్చేలా ఏర్పాటు చేశాం, సంతోషపడ్డారు.

రెండోది, నోటీసు ఆ ఫీచర్ ఉన్న చోటే పెట్టాం. ఆ టిక్ నొక్కగానే పసుపు రంగు పట్టీలో ‘సెప్టెంబరు తర్వాత ఇది ఉండదు, కావాలంటే ఈ నంబరుకి చెప్పండి’ అని. వాడనివాళ్ళకి అది కనపడదు, అనవసరపు టెన్షన్ లేదు. పెద్దవాళ్ళు చేసే పద్ధతీ ఇదే. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో వాడకం పోయిన 19 మాడ్యూళ్ళకి (దానితో పాటే వచ్చే కోడ్ ముక్కలకి) ‘చచ్చిన బ్యాటరీలు’ అని పేరుపెట్టి, 2022 అక్టోబరులో వచ్చిన 3.11 వెర్షన్ నుంచి వాడినప్పుడల్లా హెచ్చరిక చూపిస్తూ, 2024 అక్టోబరు 3.13లో తీసేశారు. రెండేళ్ళ గడువు. మా కస్టమర్లకి రెండేళ్ళు అక్కర్లేదు, కానీ ఒక పూర్తి పంట సీజన్ గడవాలి. ఇక్కడ ఏడాదంటే జనవరి నుంచి డిసెంబరు కాదు, కోత నుంచి కోత.

మూడోది, కొన్నాళ్ళు ఆపి చూడటం. ఐటీవాళ్ళు దీన్ని స్క్రీమ్ టెస్ట్ అంటారు. ఆపేసి, ఎవరు కేకేస్తారో చూడటం. బెంగళూరు, హైదరాబాద్‌లలో ఇది పనిచేస్తుందేమో గానీ, మన వైపు దీన్ని పూర్తిగా నమ్మొద్దు. మన గుమాస్తాలు కేకెయ్యరు. ‘వాళ్ళేదో మార్చినారులే’ అని పుస్తకం తీస్తారు. ఫోన్ రాలేదంటే ఇబ్బంది లేదని కాదు. ఆ కోవూరు పెద్దాయన ఫోన్ చేశారు కాబట్టి మాకు తెలిసింది. తర్వాత ఆరా తీస్తే ఇంకో మూడు మిల్లులు అప్పటికే నోరెత్తకుండా పుస్తకాలకి మారిపోయాయి.

నాలుగోది, ఏ రోజు తీయాలో చూసుకోవడం. మార్చి, ఏప్రిల్ నెలల్లో మిల్లుల సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్ళకూడదు. ఒకపక్క కోతలు, ఇంకోపక్క మార్చి 31 లెక్కలు. నెలలో 11వ తేదీ, 20వ తేదీ జీఎస్టీ రిటర్నులు, వాటికి ముందు రెండ్రోజులూ వద్దు. జూలై, ఆగస్టు మాకు హాయి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, ఫీచర్ వేరు, దానితో రాసుకున్న డేటా వేరు. పుట్టి తీసేసిన ఆ మూడు రోజుల్లో ఇంకో ఘోరం జరిగింది, అది మాకు తర్వాత తెలిసింది. జాబితాలోంచి పుట్టి పోయేసరికి, పాత కొనుగోలు బిల్లు రీప్రింట్ తీస్తే యూనిట్ గడి ఖాళీగా వచ్చింది. 20 అని ఉంది, ఇరవై ఏమిటో లేదు. కిలోలా, క్వింటాళ్ళా? జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాల్ని వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. ఆరేళ్ళ తర్వాత కూడా పాత బిల్లు పాత బిల్లులాగే కనిపించాలి. అందుకని ఇప్పుడు మేం ఏ ఆప్షన్‌నీ టేబుల్‌లోంచి చెరపం. ‘కొత్త ఎంట్రీలకి వద్దు’ అని గుర్తు పెడతాం. పాతవి చదవడానికి అది ఉంటుంది, కొత్తవి రాసేటప్పుడు కనపడదు. రకరకాల సైట్ల కొత్త రాతల్ని ఒకేచోట చదివించే గూగుల్ రీడర్‌ని 2013 జూలై 1న మూసేసినందుకు జనం ఇప్పటికీ తిట్టుకుంటారు, కానీ చందాల జాబితాని దించుకునే వీలు మాత్రం ఇచ్చారు. ఆ ఒక్కటీ లేకపోయుంటే తిట్లు ఇంకెలా ఉండేవో.

తీసేసిన కోడ్‌ని తిరిగి తెచ్చే దారి కూడా ముందే చూసుకోండి. పుట్టిని మూడు రోజుల్లో తెచ్చామంటే, దాన్ని తీసేసిన మార్పు గిట్‌లో (కోడ్ మార్పుల్ని దాచే సాధనంలో) విడిగా ఒకే కమిట్‌గా, అంటే ఒకే మార్పుగా నమోదై ఉండబట్టే. అదే రోజు చేసిన పది మార్పులతో కలిసుంటే ఆ సీజన్ అయిపోయేది.

మా జాబితాలో ఇప్పుడున్నవి

మీ పరిస్థితికి దగ్గరగా ఉంటుందని మా నిర్ణయాలు కొన్ని చెప్తాను. డాట్ మ్యాట్రిక్స్ ఉంటుంది, చర్చ లేదు. పాత కాటా మెషీన్ల నుంచి సీరియల్ కేబుల్‌తో బరువు చదివే కోడ్ బరువైనదే, మమ్మల్ని బాగానే ఏడిపిస్తుంది, అయినా ఉంటుంది. అది లేని మిల్లులో బరువు చేత్తో టైప్ చేయాలి, అక్కడే అంకెలు తారుమారవుతాయి. ఇంటర్నెట్ ద్వారా ఎక్కడినుంచైనా రిపోర్ట్ చూసే పాత పేజీని ఇద్దరే వాడుతున్నారు, పాస్‌వర్డ్ వ్యవస్థ పాతది. దాన్ని మాత్రం వాళ్ళిద్దరూ అలిగినా సరే తీసేస్తున్నాం. స్క్రీన్ రంగులు మార్చే ఆప్షన్ ఎవరూ వాడరు, ఎవరికీ అడ్డు కాదు, దాని గురించి మీటింగ్ పెట్టడమే దండగ.

తేలనిది ఒకటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీలో 12 శాతం శ్లాబు దాదాపుగా ఎత్తేశారు. చీమకుర్తి యార్డుల్లో గ్రానైట్ బ్లాకులు 12 నుంచి 5కి వచ్చాయి, పాలిష్ చేసిన పలకలు 18లోనే ఉన్నాయి. మా బిల్లులో 12 శాతం వాడకం సున్నాకి దగ్గరైంది. కుర్రాడు మళ్ళీ గ్రాఫ్ గీశాడు. కానీ ఆ తేదీకి ముందు అమ్మిన బ్లాకులో పగులు కనిపించి కొన్నవాళ్ళు ధర తగ్గించమంటే, పాత బిల్లులో తగ్గింపు చూపే క్రెడిట్ నోట్ పాత రేటు మీదే రాయాలి. 2025-26 బిల్లులకి ఆ వీలు 2026 నవంబరు 30 దాకా ఉంటుంది. అందుకని అప్పటిదాకా కొత్త బిల్లుల్లో కనపడకుండా, క్రెడిట్ నోట్లలో మాత్రం కనిపించేలా పెడదామన్నాను.

కుర్రాడు ఒప్పుకుని, అలాగే మార్చి, నాకు చూపించడానికి వచ్చాడు. అప్పుడు గుర్తొచ్చింది. బుచ్చిరెడ్డిపాళెం దగ్గర మా కస్టమర్ ఒకాయనకి మిల్లుతో పాటు ఇటుక బట్టీ కూడా ఉంది, సొంత ఊకతోనే ఇటుకలు కాలుస్తాడు. మట్టి ఇటుకలకి ప్రత్యేక పద్ధతి కింద 12 శాతం ఇంకా ఉంది. ఫోన్ చేసి అడిగితే, “ఉంది సామీ, నిన్ననే రెండు బిల్లులు కొట్టినా” అన్నాడు. కుర్రాడు మాట్లాడకుండా వెళ్ళి తన గ్రాఫ్‌లో ఆ రెండు చుక్కల్నీ వెతకడం మొదలుపెట్టాడు.